‘తెలియదు’ అని రాసి ఉన్న తాళంచెవి

నాన్న పోయిన 14 నెలలకు అమ్మ పోయింది. అప్పటికి నాకు 27 ఏళ్ళు. నాన్న జబ్బు నాలుగేళ్ళు సాగింది కనుక ఆయన మరణానికి మేమిద్దరం ఎంతో కొంత సిద్ధపడే ఉన్నాం; అమ్మ మాత్రం ఒక ఉదయం నిద్ర లేవలేదు, అంతే. నాకు తోబుట్టువులు లేరు. ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని ఎవరూ అనాథ అనరు, ఆ మాటను నా గురించి వాడుకోవడానికి నాకూ సిగ్గుగానే ఉండేది, కానీ ఏ దరఖాస్తులోనైనా తల్లి పేరు, తండ్రి పేరు అన్న గళ్ళు నింపి ఆ రెండు పేర్ల ముందూ ‘కీర్తిశేషులు’ అని చేర్చవలసి వచ్చినప్పుడల్లా చేయి ఒక్క క్షణం ఆగిపోయేది.

మొదటి నెలల్లో దుఃఖించడానికి తీరిక దొరకలేదు. మరణ ధ్రువీకరణ పత్రం నకళ్ళు ఎన్ని తీయించినా చాలేవి కావు. నాన్న ఖాతాలన్నిటికీ నామినీ అమ్మ. వాటిని అమ్మ పేరుకు మార్పించే పని సగంలో ఉండగానే అమ్మ కూడా పోవడంతో, జరిగిన సగాన్నీ పక్కన పెట్టి అంతా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. ప్రతి కౌంటరు దగ్గరా ఒకే వాక్యం చెప్పాలి: “ఇద్దరూ లేరండి.” చెప్పగా చెప్పగా ఆ వాక్యం అరిగిపోయి, ఎవరి అమ్మానాన్నల గురించో చెబుతున్నట్టు వచ్చేది. ఒక చోట అవతలి వ్యక్తి తలెత్తకుండానే “అయితే ఇక్కడ వాళ్ళిద్దరి సంతకాలూ పెట్టించుకు రండి” అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే బయటికి వచ్చి, మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

ఇంకొక మార్పును గమనించడానికి మరికొంత కాలం పట్టింది. నాతో అందరూ మాట్లాడే తీరే మారిపోయింది. ఉద్యోగంలో ‘మీరు’ అని మన్నించడం మామూలే. కానీ అమ్మ పోయాక, చిన్నప్పటి నుంచి ‘ఏమే’ అని పిలిచే స్నేహితురాలు సైతం నా దగ్గర మాటలు ఏరి ఏరి వాడసాగింది. పిన్ని ప్రతి వాక్యం చివరా ‘తల్లీ’ అని చేర్చసాగింది. నన్ను ‘నువ్వు’ అనేవాళ్ళు లేకపోలేదు, ఆ ‘నువ్వు’లో తిట్టే చనువు మాత్రం పోయింది. “ఫోను ఎత్తడానికి ఇంతసేపా? ఎక్కడ చచ్చావు?” అని అడగగల మనిషి ఇక ఒక్కరూ మిగలలేదని అర్థమైన రోజున, మర్యాద మనిషిని ఎంత దూరం పెట్టగలదో తెలిసింది.

ఇల్లు సర్దుతుండగా బీరువా అడుగు అరలో ఒక రేకు డబ్బా దొరికింది. మూత తీస్తే నిండా తాళంచెవులు. లెక్కపెట్టాను, 23 ఉన్నాయి. ప్రతిదానికీ నాన్న దారంతో చిన్న అట్టముక్క కట్టి, అది దేనిదో తన గుండ్రని అక్షరాలతో రాసిపెట్టారు. ‘వెనక గది’, ‘పాత పెట్టె’, ‘సైకిలు – అమ్మేశాం’. అమ్మేసిన సైకిలు తాళంచెవిని పారేయకపోవడమే కాక, అమ్మేశామని రాసి మరీ దాచిన మనిషి ఆయన. డబ్బా అడుగున, మిగతా వాటికంటే చిన్నదిగా, కిలుము పట్టిన ఇత్తడి చెవి ఒకటి ఉంది. దానికీ అట్టముక్క ఉంది. దాని మీద ‘తెలియదు’ అని రాసి ఉంది. దేనిదో తెలియనిదానికి కూడా చీటీ కట్టిన ఆ ఓపిక చూసి, ఆయన పోయిన తరువాత మొదటిసారి గొంతెత్తి ఏడ్చాను. అప్పటికి అమ్మ పోయి కూడా అయిదు నెలలు దాటింది. ఆ ఒక్క చెవినీ చీటీతో సహా నా తాళాల గుత్తికి తగిలించుకున్నాను.

నిజానికి ఆ ఏడుపు వచ్చేనాటికే నా జీవితంలోకి ఒకతను వచ్చి ఉన్నాడు. అమ్మ పోయిన రెండో నెలలో పరిచయమయ్యాడు. రెండోసారి మాట్లాడినప్పుడే “నువ్వు తిన్నావా? నిద్రపోయావా? ఆ కాగితాలు నేను చూస్తాలే, నువ్వు పడుకో” అన్నాడు. ఆ ‘నువ్వు’ చెవిన పడగానే కరిగిపోయాను. ఆ తరువాత ఏ ఫోను కొనాలో, ఏ సెలవు పెట్టాలో, పిన్నికి ఏమి జవాబు చెప్పాలో అన్నీ అతనే చెప్పేవాడు. అడిగితే చెప్పేవాడు, అడగకపోయినా చెప్పేవాడు. అతను చెడ్డవాడని రాస్తే అన్యాయమవుతుంది. నేను అతనికి అప్పగించిన పనే మోయరానిది: ఇద్దరు చనిపోయిన మనుషుల బాధ్యతలు ఒక్కడే నిర్వర్తించాలి, అదీ వాళ్ళ పేరు ఎత్తకుండా. ఎందుకంటే అమ్మానాన్నల ప్రస్తావన వస్తే అతనికి విసుగు. “ఎన్నాళ్ళని అక్కడే ఉంటావు?” అనేవాడు. వింటూ వింటూ, తప్పు నాదేనని నేనూ నమ్మాను.

నిద్ర పట్టడం లేదని వెళ్తే, డాక్టరు మాత్రలతో పాటు ఒక కౌన్సెలర్ చిరునామా ఇచ్చారు. అది ఏడో నెల. మొదటి రోజు ఆమె దాదాపు ఏమీ మాట్లాడలేదు. నేనే చెబుతూ పోయాను: నాన్నకు చలి ఎక్కువ, ఫ్యాను తిరగనివ్వరు, అమ్మ తడికాళ్ళతో లోపలికి రానివ్వదు, నాన్న ఏ వస్తువునూ పారేయరు. గంట ముగిసేముందు ఆమె, “మీరు ఇంతసేపూ వాళ్ళ గురించి చెప్పారు. ఒక్కసారి కూడా ‘తిరగనిచ్చేవారు కాదు’, ‘రానిచ్చేది కాదు’ అనలేదు, గమనించారా?” అని అడిగారు. తప్పు దొరికిన పిల్లలా తల దించుకున్నాను. ఆమె వెంటనే, “దిద్దడానికి చెప్పలేదు. ఆ క్రియ దానంతట అదే మారుతుంది, మీరు మార్చనక్కరలేదు” అన్నారు. ఆ గదిలో విన్న మాటలన్నిటిలో నన్ను నిలబెట్టినది ఇదే.

దుఃఖానికి అయిదు దశలుంటాయని నేను ఎక్కడో చదివి, ప్రతి రాత్రీ పరీక్షా ఫలితాలు చూసుకున్నట్టు ఏ దశలో ఉన్నానో చూసుకునేదాన్ని. ఒకే రోజు ఉదయం అంగీకారం, సాయంత్రం కోపం, మధ్యలో ఏమీ లేకపోవడం. ఈ గందరగోళం ఆమెకు చెప్పాను. ఎలిజబెత్ కుబ్లర్-రాస్ 1969లో ఆ దశలను ప్రతిపాదించినది, మరణం సమీపించిన రోగులతో జరిపిన సంభాషణల ఆధారంగానని, ఆత్మీయులను పోగొట్టుకున్నవారికి వాటిని తరువాత అన్వయించారని, అవి ఒకదాని తరువాత ఒకటి ఎక్కవలసిన మెట్లు కావని ఆమె వివరించారు. అంటే నేను ఇన్నాళ్ళూ నాది కాని ప్రశ్నపత్రానికి జవాబులు రాస్తున్నానన్నమాట. తరువాత ఒక కాగితం మీద రెండు సున్నాలు గీసి, వాటి మధ్య అటూ ఇటూ గీతలు గీశారు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ఇచ్చిన నమూనా అది. ఒక సున్నాలో పోయినవారి తలపు, ఏడుపు, వెలితి. రెండోదానిలో కొత్త పనులు, కాగితాలు, బిల్లులు, కాస్త మరపు. మనిషి ఈ రెండింటి మధ్య ఊగుతూ ఉంటాడు, ఆ ఊగడమే ఆరోగ్యం. నకళ్ళ కోసం తిరిగిన ఆ నెలల్లో నేను ఏడవకపోవడం రాతిగుండె వల్ల కాదని, ఊయల రెండో వైపు ఉండటం వల్లనేనని తెలిశాక ఎంతో తేలికపడ్డాను.

నాకు జబ్బేమైనా ఉందా అని కూడా అడిగాను. 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో సుదీర్ఘ శోకాన్ని ఒక రుగ్మతగా చేర్చారని, మరణం జరిగి ఆరు నెలలు దాటితేనే దాన్ని గుర్తిస్తారని, అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలోనైతే పెద్దవారికి కనీసం 12 నెలలు గడవాలని ఆమె చెప్పారు. అమ్మ మరణం నుంచి లెక్కించి, కాలపరిమితి ఒక్కటే చూస్తే ఏడో నెలలో ఉన్న నేను ఒక పుస్తకం ప్రకారం లెక్కలోకి వస్తాను, మరొక పుస్తకం ప్రకారం రాను. కాలాన్ని మించి చూడవలసినది రోజువారీ జీవితం ఎంతగా స్తంభించిందన్నదేనని, నేను పని చేసుకుంటున్నాను, నవ్వగలుగుతున్నాను కనుక ఆ పేరు పెట్టనక్కరలేదని ఆమె అభిప్రాయపడ్డారు.

ఆమెతో చెప్పడానికి మూడు నెలలు వెనకాడిన విషయం ఒకటి ఉంది. నాన్న పోయిన రాత్రి నాకు మొట్టమొదట కలిగినది ఊరట. నాలుగేళ్ళుగా మందుల వేళలకు మోగే అలారం ఇక మోగదు అన్నది నా మొదటి ఆలోచన. అమ్మ పోయినప్పుడు కూడా, ఎంత దిగ్భ్రాంతిలో ఉన్నా, మనసులో ఏ మూలనో ‘ఇక ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు’ అన్న ఊహ మెరిసి మాయమైంది. ఇది చెప్పి ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. దీర్ఘకాలం సేవ చేసిన చాలామందిలో ఊరటా దుఃఖమూ ఒకే గదిలో ఉంటాయని, ఒకటి ఉన్నంతమాత్రాన రెండోది అబద్ధం కాదని ఆమె మామూలు గొంతుతో చెప్పారు. ఆ మామూలు గొంతు నాకు ఎక్కువ మేలు చేసింది.

పదకొండో నెలలో ఒక సాయంత్రం, జుట్టు కత్తిరించుకోనా వద్దా అని అతనికి సందేశం పంపి, జవాబు కోసం అద్దం ముందు దువ్వెన పట్టుకుని 40 నిమిషాలు నిలబడ్డాను. జవాబు వచ్చింది: వద్దు. ఆ మాటకంటే, నేను నిలబడిన ఆ 40 నిమిషాలు నన్ను భయపెట్టాయి. వారం తరువాత విడిపోయాం. పెద్ద గొడవ జరగలేదు. అతను కూడా అలిసిపోయే ఉన్నాడని నా అనుమానం. పసిపిల్లలకూ వారిని పెంచేవారికీ మధ్య ఉండే అనుబంధమే పెద్దయ్యాక ప్రేమలోనూ పనిచేస్తుందని సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1987లో ప్రతిపాదించిన సంగతి ఆ రోజుల్లోనే చదివాను. చదువుతూంటే సగం ఓదార్పు, సగం చిన్నతనం. నేను ప్రియుడిని వెతుక్కున్నాననుకున్నాను, మళ్ళీ కూతురిని కావడానికి చోటు వెతుక్కున్నాను.

అప్పటికి నాకేది ఇష్టమో నాకు తెలియదని తేలింది. ఇది అతిశయోక్తి కాదు. ఏ చిన్న నిర్ణయమైనా తీసుకునే ముందు ‘ఈ ఇష్టం ఎవరిది?’ అని అడిగి రాసుకోమని కౌన్సెలర్ చెప్పారు. రాసుకుంటే చాలా వరసలలో నా పేరే లేదు. తెల్లవారకముందే లేవడం నాన్నది. ఉదయమంతా రేడియో మోగుతూ ఉండటం అమ్మది. అది ఆపేసిన రోజు తెలిసింది, నాకు నిశ్శబ్దం ఇష్టమని. మంచం కిటికీ కిందికి జరపాలని నాకు ఎన్నో ఏళ్ళుగా ఉంది. గాలి పడదని అమ్మ ఒప్పుకునేది కాదు. ఒంటరిగా జరపబోయి నడుము పట్టేసింది, మర్నాడు స్నేహితురాలిని పిలిచాను. ఆమె వచ్చి, మంచం వైపు చూసి, నా వైపు చూసి, “ఏమే, దీనికి ఏడాది పట్టిందా?” అంది. ఆ ‘ఏమే’ తిరిగి వచ్చినందుకు కళ్ళు చెమర్చాయి.

ఆ పుస్తకంలో ‘నీళ్ళంటే భయం’ అని కూడా రాసుకుని, ఎదురుగా ‘ఎవరిది?’ అన్న గడిలో ఆగిపోయాను. అమ్మ చిన్నతనంలో తన కళ్ళముందే ఒకరు మునిగిపోవడం చూసిందట. అందుకే నన్ను ఏ నీటి దరికీ వెళ్ళనివ్వలేదు. నేను ఏనాడూ నీటిలో దిగనే లేదు, ఇక నాకు భయమెలా తెలుస్తుంది? వారసత్వంగా వచ్చిన వస్తువులలో అదొకటి, మరణ ధ్రువీకరణ పత్రం అవసరం లేకుండా నా పేరుకు మారిపోయినది. 29వ ఏట పెద్దవాళ్ళకు ఈత నేర్పే తరగతిలో చేరాను.

ఏడుగురం. పక్క వరసలో పిల్లలు చేపల్లా తిరుగుతూ మమ్మల్ని చూసి నవ్వేవారు. మెట్ల దగ్గర కడ్డీని నా అంత గట్టిగా పట్టుకుని నిలబడినవాడు ఇంకొకతను ఉన్నాడు. “ముందు మీరు దిగండి” అన్నాడు. “పరవాలేదు, మీరే దిగండి” అన్నాను. ఆ మర్యాదలు ముగిసేలోపు మిగతా అయిదుగురూ దిగిపోయారు. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే చాలామంది శరీరం దానంతట అదే తేలుతుందని, భయపడి తల పైకెత్తితే కాళ్ళు కిందికి దిగిపోతాయని శిక్షకురాలు రోజూ చెప్పేది. తెలిసినంత మాత్రాన తల నీళ్ళ మీద ఆనదు. మూడో వారంలో ఒక రోజు చెవులు నీళ్ళలో మునిగి, బయటి చప్పుళ్ళన్నీ ఆగిపోయి, నా ఊపిరి ఒక్కటే వినబడింది. తేలుతున్నానని గ్రహించి నవ్వాను, నవ్వగానే నోట్లోకి నీళ్ళు పోయి మునిగాను. పైకి వచ్చి దగ్గుతూ కూడా నవ్వుతున్నాను. ఆ వెంటనే ‘అమ్మ చూస్తే ఏమనుకుంటుంది’ అన్న అపరాధభావం వచ్చిందన్నది కూడా నిజం. ఆనందానికి అలవాటుపడటం నాకు దుఃఖానికి అలవాటుపడినంత కష్టమైంది.

మెట్ల దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడిన అతను ఏడాది పాటు నన్ను ‘మీరు’ అనే పిలిచాడు. ఒక రోజు నా తాళాల గుత్తి చూసి, “ఈ చిన్నది దేనిది?” అని అడిగాడు. తెలియదన్నాను. చీటీ తిప్పి చదివి, “దీని మీదా అదే రాసి ఉందండీ!” అన్నాడు. తరువాత, “ఇవి మీ నాన్నగారి అక్షరాలా? ఆయన ఎలా ఉండేవారు?” అని అడిగాడు. నేను చెప్పాను. అమ్మేసిన సైకిలు సంగతి, ఫ్యాను సంగతి. ఇంటికి వచ్చి తలుపు తీస్తూండగా తట్టింది: ‘ఫ్యాను తిరగనిచ్చేవారు కాదు’ అన్నాను. క్రియ మారింది, అది మారుతున్నప్పుడు నేను గమనించలేదు. అమ్మ విషయంలో ఇప్పటికీ అప్పుడప్పుడు ‘రానివ్వదు’ అనే అంటాను.

లోతైన వైపుకి మొదటిసారి వెళ్ళినప్పుడు, సగం దూరంలో ధైర్యం జారిపోయి, పక్కన ఈదుతున్న అతని మోచేయి పట్టుకుని “వదలకు!” అని అరిచాను. గట్టు చేరి ఊపిరి పీల్చుకున్నాక, “ఇందాక మీరు ‘అండి’ మరిచిపోయారు” అన్నాడు, ఎంతో గంభీరంగా. తరువాతి వాక్యానికల్లా ఇద్దరం మళ్ళీ ‘మీరు’లోకి వచ్చేశాం.

నాన్న పోయిన తేదీ వచ్చినప్పుడు ఎవరికీ చెప్పకుండా ఫోను ఆపేసి రోజంతా ఒంటరిగా గడపడం నా అలవాటు. ఆ ఏడూ అలాగే చేశాను. రాత్రి ఫోను తెరిస్తే వెంటనే మోగింది. “ఎక్కడికి పోయారండీ మీరు? ఫోను ఎత్తడానికి ఇంతసేపా? ఏమైందో ఏమోనని నేనిక్కడ చస్తున్నాను!” అన్నాడు. కోపంతో గొంతు వణుకుతోంది. నేను జవాబు చెప్పలేదు. ‘నువ్వు’ అంటేనే ఆ చనువు ఉంటుందని ఇన్నాళ్ళూ నమ్మినదాన్ని, ‘అండి’తో కూడా అంత బాగా తిట్టవచ్చని ఆ రాత్రి విన్నాను. ఇక నుంచి వెళ్ళేముందు చెప్పి వెళ్తానన్నాను. సరే, కానీ ఆ రోజును పంచుకోమని తాను అడగనన్నాడు. ఇప్పటికీ ఆ రోజు నాదే, చెప్పి వెళ్తాను.

పెళ్ళి మాట ఎత్తినప్పుడు నేను మూడు నెలల సమయం అడిగాను. వెనకాడటానికి కారణం అతను కాదు. నా జీవితంలోని అతి ముఖ్యమైన మనిషిని అమ్మానాన్నలు ఎన్నడూ చూడరన్న నిజాన్ని ఒప్పుకోవడానికి నాకు ఆ మాత్రం వ్యవధి కావలసి వచ్చింది. పోయినవారితో బంధాన్ని తెంచుకోవడమే దుఃఖానికి ముగింపు అన్న పాత అభిప్రాయాన్ని డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్మన్ 1996లోనే ప్రశ్నించారని కౌన్సెలర్ చెప్పి ఉన్నారు. బంధం రూపం మార్చుకుని కొనసాగుతుందట. నా విషయంలో అది తీసుకున్న రూపం వాదన. ఈ మనిషి గురించి అమ్మతో మనసులోనే మూడు నెలలు వాదించాను, కొన్నిసార్లు ఆమె గెలిచింది. జుట్టు మాత్రం ఎవరినీ అడగకుండా పొట్టిగా కత్తిరించుకున్నాను. అంత బాగా లేదు. అయినా మళ్ళీ అలాగే కత్తిరించుకున్నాను.

కొత్త ఇంట్లో చేరిన రోజు, తాళంచెవులన్నీ బల్ల మీద పోసి అట్టముక్కలు కత్తిరించాను. అతను దారం ముడులు వేశాడు, నేను రాశాను: ‘వీధి తలుపు’, ‘మేడ గది’, ‘చిన్న బీరువా’. నా అక్షరాలు నాన్నవంత గుండ్రంగా ఉండవు. అన్నీ అయ్యాక ఆ ఇత్తడి చెవిని తీసి, ఇద్దరం కలిసి ఆ ఇంట్లోని తాళాలన్నిటికీ పెట్టి చూశాం. దేనికీ పట్టలేదు. దాన్ని కూడా గుత్తికి తగిలించి మేకుకు వేలాడదీశాం.